తూర్పు మెట్ల మీద తడి పాదాలు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నవ్వేదాన్ని. పలాసలో సైన్సు టీచర్ని. ఆదివారం ప్రార్థనకి వెళ్తాను, మిగతా రోజులు పిల్లలకి కారణాలు అడగడం నేర్పిస్తాను. అందుకే ఇది చెప్పడానికి ఇన్నాళ్ళూ నోరు రాలేదు.

టెక్కలి దగ్గర మా ఊరి చర్చి మిషను రోజుల నాటిది. మూరెడు మందం రాతి గోడలు, సున్నపు గార, టేకు దూలాలు. గోడలోని పలకరాయి మీద దొరల పేర్లే ఉన్నాయి. ఆ రాళ్ళని కొండ మీంచి నెత్తిన మోసుకొచ్చింది మాత్రం మా ముత్తవ్వలు. చర్చి చూడడానికి ఎవరొచ్చినా ఆ మాట చెప్పకుండా వదలను.

వేదిక కింద, చెక్కల మూతతో బాప్తిస్మపు తొట్టె ఉంది. పడమటి మెట్లు దిగి, నీళ్ళలో మునిగి, తూర్పు మెట్లు ఎక్కాలి. దిగిన మెట్ల మీదుగా ఎవరూ వెనక్కి రాకూడదు. పాత బతుకు అటే వదిలేశామని దానర్థం. ఇప్పుడు బాప్తిస్మాలు సముద్రంలో ఇస్తున్నారు. తొట్టె ఎండిపోయి ఏళ్ళయింది.

పోయిన వేసవిలో సంఘం దాన్ని పూడ్చి టైల్స్ వేయాలని తీర్మానించింది. వద్దని పెద్దలందరి ఇళ్ళకీ తిరిగాను. ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. పని మొదలయ్యే రోజు, పూడ్చేలోగా ఫోటోలైనా తీసుకుందామని వెళ్ళాను. చర్చి తాళాలు తన దగ్గర ఉంచుకునే మా పెద్దమ్మ తలుపు తీసింది.

మేస్త్రి మేకులు పీకి చెక్కలు ఎత్తాడు. అడుగంతా దుమ్ము. తూర్పు మెట్ల మీద మాత్రం తడి పాదాలు. ఆడవాళ్ళవి, వట్టి కాళ్ళవి, ఒకదాని వెనక ఒకటి పైకి ఎక్కినవి. పడమటి మెట్ల మీద దుమ్ము చెదరనే లేదు.

ఊట అనుకుని దిగి అడుగు తడిమాను. పొడిగా ఉంది. కప్పు నుంచి చుక్క కారడం లేదు. ఊళ్ళో వాన పడి చాలా రోజులైంది.

మేస్త్రి డొంకూరు వైపు జాలరి ఇంటివాడు, మా మతం కాదు. గునపం పక్కన పెట్టి తలగుడ్డ తీశాడు.

"ఎవులో ఇంకా పైకొత్తన్నారు. నాను పూడ్సనమ్మా."

పెద్దమ్మ మాత్రం కంగారు పడలేదు.

"ఏటే అలా సూత్తన్నావు? రాల్లు మోసిన కాల్లు. దారి మర్సిపోవు."

ఫోటోల కోసం వెళ్ళినదాన్ని, ఫోన్ తీయడమే మరిచిపోయాను. చూస్తుండగానే తడి ఆరిపోయింది. మేస్త్రి పూడ్చనన్న సంగతి విన్నాక సంఘంలో తీర్మానం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. తొట్టె ఉంది.

నాకు ఇప్పటికీ కారణం దొరకలేదు. కానీ చర్చి చూడడానికి వచ్చినవాళ్ళకి ఇప్పుడు దొరల పలకరాయి ఆఖరున చూపిస్తున్నాను. ముందు ఆ మెట్ల దగ్గరికే తీసుకెళ్ళి, చెప్పులు విప్పమంటున్నాను.