వెనక్కళ్ల మేడమ్

ఏడో తరగతి బీ సెక్షను పిల్లలు ఏడాదిలో ఎనిమిది నెలలు మనుషులే. చలి తగ్గి, కిటికీ బయట కొమ్మలు చిగుళ్లు తొడిగే చివరి రెండు నెలల్లోనే వాళ్లకు తోకలు మొలుస్తాయి. రాత్రికి రాత్రి జానెడు ఎదుగుతారు, గొంతులు బొంగురుపోతాయి, ఒక్కడూ బెంచీకి ఆనడు. అంతకు ముందున్న సైన్సు మాస్టారు అలాంటి ఒక మధ్యాహ్నం చాక్‌పీసు తెస్తానని వెళ్లి ఇప్పటికీ రాలేదు. ఆయన గొడుగు గోడ మేకుకే వేలాడుతోంది.

ఆయన స్థానంలో వచ్చినావిడను పిల్లలు వెనక్కళ్ల మేడమ్ అనేవారు. బోర్డు మీద రాస్తూ, తల తిప్పకుండానే, "మూడో బెంచీలో తూనీగా, ఆ రబ్బరు బ్యాండు జేబులో పెట్టు" అనేది. జడ కింద ఇంకో జత కళ్లున్నాయనీ, తలంటుకున్న రోజున అవి మండి ఎర్రబడతాయనీ ఆరో తరగతి దాకా పాకింది. నిజానికి ఉన్నదల్లా బోర్డు పక్కన అద్దాల బీరువా. చేరిన రోజే ఆవిడ దాని తలుపు ఓరగా తెరిచి, కింద మడత పెట్టిన అట్టముక్క దోపింది. ఆ అద్దంలో గది ఇంచుమించు అంతా కనపడేది.

ఆవిడది ఏడాది ఒప్పందం. గురువారం మూడో పీరియడుకు హెడ్మాస్టరు వచ్చి వెనక బెంచీలో కూర్చుంటారు. క్లాసు అదుపులో ఉంటే ఉద్యోగం ఖాయం, లేకపోతే అందరి సెలవులకన్నా ముందే ఆవిడకు సెలవు. ఇప్పటికే రెండు బళ్లు ఇలాగే చేజారాయి. బుధవారం రాత్రి అన్నం దగ్గర కూడా ఆవిడ ధ్యాస గురువారం మీదే ఉంది. పొయ్యి మీద పాలు పొంగి నేలకు దిగాయి.

"ముప్ఫై ఎనిమిది మందిని వీపుతో చూస్తావట, ఒక్క గిన్నెను కళ్లతో చూడలేవా తల్లీ?" అంది వాళ్లమ్మ.

అయితే అసలు పొరపాటు ఆ సాయంత్రమే జరిగిపోయింది. హెడ్మాస్టరు వస్తున్నారు, గది అందంగా సర్దండని పిల్లలకు చెప్పి ఆవిడ ఇంటికెళ్లింది. వాళ్లు ప్రాణం పెట్టి సర్దారు. బీరువాలోని దుమ్ముసీసాలు కనపడకూడదని తలుపు బిగించి, అద్దాల నిండా రంగు కాగితాలు, వాటి మీద పువ్వులు అంటించారు.

గురువారం తలుపు దగ్గరే ఆవిడ కాళ్లు ఆగిపోయాయి. వెనకాలే హెడ్మాస్టరు.

పాఠం గుండె. బొమ్మ గీయాలంటే ఏడు నిమిషాలు వీపు తిప్పక తప్పదు. గుండెలో మొదటి గది గీసేసరికి వెనక ఏదో గరగరమంది. రెండో గదికి కిసుక్కుమన్న నవ్వు. మూడో గదికి తుమ్మెద రొద మొదలైంది. ఎక్కడి నుంచో తెలియదు. గోడలకు కొట్టుకుని నాలుగు వైపుల నుంచీ వస్తోంది. తిరిగి చూస్తే వెనక్కళ్లు లేవని ముప్ఫై ఎనిమిది మందికీ తెలిసిపోతుంది. తప్పు పేరు పలికితే హెడ్మాస్టరుకు కూడా తెలుస్తుంది. చేతిలో చాక్‌పీసు పుటుక్కున విరిగి, బీరువా పక్కనున్న మూల బెంచీ కిందికి దొర్లింది.

ఆ బెంచీ మిరపకాయది. ఆ పిల్ల వల్లే పాత మాస్టారు గొడుగు కూడా తీసుకోకుండా పోయాడని బళ్లో చెప్పుకునేవారు. మిరపకాయ ముక్క ఏరుకుని బోర్డు దగ్గరికొచ్చింది. చేతిలో పెడుతూ, పెదవులు కదలకుండా అంది.

"తూనీగ. అగ్గిపెట్టె."

నమ్మితే ఒక గండం, నమ్మకపోతే ఇంకోటి. రొద పెరుగుతోంది. హెడ్మాస్టరు బెంచీ కిర్రుమంది. లేస్తున్నట్టున్నారు.

"తూనీగా, ఆ అగ్గిపెట్టె మూసెయ్యి. దానికీ పాఠం వద్దట, బయట వదిలేసి రా" అంది మేడమ్, నాలుగో గది గీస్తూ.

టక్కుమని శబ్దం. రొద ఆగింది. ఒక జత కాళ్లు తలవంచుకుని బయటికి నడిచాయి. ఆవిడ తల తిప్పనే లేదు. హెడ్మాస్టరు చెయ్యి తన ప్రమేయం లేకుండానే ఆవిడ జడ వైపు చూపిస్తూ గాల్లో ఉండిపోయిందట.

సాయంత్రానికి ఉద్యోగం కాగితం మీద సంతకం పడింది. మేడమ్ మిరపకాయను ఆపింది.

"అద్దం సంగతి ఎప్పటి నుంచి తెలుసే నీకు?"

"మీరు వచ్చిన వారానికే మేడమ్."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"నా బెంచీ ఆ అద్దంలో పడదు కదా. మీరు పోతే కొత్తావిడ ఇటు తిరిగి పాఠం చెప్తుంది. అప్పుడు నా బతుకేం కాను?"

శుక్రవారం పొద్దున్నే మేడమ్ పువ్వులన్నీ చింపకుండా ఊడదీసి గోడకు అంటించింది. బీరువా తలుపు తెరిచి, అట్టముక్కను ఇంకొక మడత పెట్టి దోపింది. మొదటి పీరియడులో బోర్డు వైపు తిరిగి చూస్తే, అద్దంలో మూల బెంచీ నిండుగా కనపడింది.

మిరపకాయ బుగ్గలో ఉన్న బిస్కెట్టు గబుక్కున మింగి, అద్దానికి రెండు చేతులూ జోడించింది.