వీపు మీద రాష్ట్రం పేరు

శనివారం పొద్దున్నే హెల్మెట్లు తగిలించుకుని ఊరి బయటి దారులు పట్టడం అమెరికాలోని మోరిస్‌విల్‌లో మా ఐదుగురికీ అలవాటు. అందరం తెలుగువాళ్ళమే, అందరం కంప్యూటర్ల ముందు కూర్చుని బతికేవాళ్ళమే. ఐదుగురిలో మా ఆవిడ ఒకరు. ఆమెకు సొంత మోటార్‌సైకిల్ ఉంది, నాకంటే చక్కగా నడుపుతుంది కూడా. ఆ మాట నేను ఇంట్లో ఒప్పుకోను.

పోయిన ఏడాది మా గుంపుకి ఒక గుర్తు ఉండాలనిపించింది. ఇక్కడ బండ్లు నడిపేవాళ్ళు చేతుల్లేని తోలు వెస్టులు వేసుకుంటారు. వాటి వెనక వీపంతా నిండేలా ప్యాచ్‌లు కుట్టించుకుంటారు. పైన వంపుగా గుంపు పేరు, మధ్యలో బొమ్మ, కింద మళ్ళీ వంపుగా చోటు పేరు. గ్యాస్ స్టేషన్ల దగ్గర వాటిని చూసి ముచ్చటపడి, మనమూ అచ్చం అలాగే చేయిద్దామనుకున్నాం. అలా మూడు ముక్కలుగా ఎందుకుంటాయో అడిగే బుద్ధి ఒక్కరికీ పుట్టలేదు.

బొమ్మ దగ్గర పెద్ద చర్చే జరిగింది. పులి అన్నారు, గద్ద అన్నారు. చివరికి గోంగూర ఆకు గెలిచింది. మా గుంపులోని వరంగల్ మిత్రుడి అక్కకి హనుమకొండలో మగ్గం వర్క్ షాపు ఉంది. పెళ్ళికూతుళ్ళ జాకెట్లకు పని చేసే చేతులు మా తోలు వెస్టులకు పచ్చ దారంతో ఆకు, బంగారు జరీతో అక్షరాలు కుట్టి పంపాయి. కింది వంపులో మేముండే రాష్ట్రం పేరు, నార్త్ కెరోలినా అని ఉంది. దాని గురించి చర్చే జరగలేదు. ఈ దేశంలో తెలుగువాళ్ళు పదిమంది కలిసి పులిహోర తిన్నా వెనక ఒక బ్యానర్ కడతారు, దాని కింద ఊరి పేరో రాష్ట్రం పేరో ఉండి తీరుతుంది. మాకు అది అంత మామూలు సంగతి.

నాకు మాత్రం అది మామూలు సంగతి కాదు. మా అమ్మాయి కిండర్‌గార్టెన్‌లో ఉండగా గ్రీన్ కార్డ్‌కి అప్లై చేస్తే, తను కాలేజీలో చేరేటప్పటికి వచ్చింది. ఆ మధ్యకాలమంతా ఉద్యోగం మారాలన్నా భయమే, ఇల్లు కొనాలన్నా భయమే. పోయిన ఏడాదే సిటిజన్‌షిప్ ప్రమాణం చేశాను. వెస్ట్ తొడుక్కుని అద్దానికి వీపు తిప్పి, మెడ నొప్పి పుట్టేదాకా ఆ జరీ అక్షరాలు చూసుకున్నాను. ఇకమీదట నువ్వెక్కడివాడివని ఎవరూ అడగనక్కర్లేదు, వెనక రాసే ఉంది అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

కొత్త వెస్టులతో మొదటి శనివారం బయల్దేరి, గంట దూరంలో ఒక గ్యాస్ స్టేషన్‌లో ఆగాం. అక్కడ ఒక పెద్దాయన బండికి ఆనుకుని కాఫీ తాగుతున్నాడు. తెల్ల గడ్డం, నాకు రెండింతల భుజాలు. ఆయన వీపు మీద కూడా మూడు ముక్కల ప్యాచ్, కింది వంపులో అదే రాష్ట్రం పేరు. మా వరంగల్ మిత్రుడు మురిసిపోయి, "అన్నా, వీళ్ళ వర్క్ జూడు, మెషీన్ కుట్టు. మా అక్కదే మస్తుంది" అంటూ ఆ ప్యాచ్ మీద వేలు పెట్టబోయాడు. మా ఆవిడ అతని మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. ఒకరి ప్యాచ్ ఇంకొకరు తాకకూడదని ఆమెకీ తెలియదు. ఆయన ముఖం చూసి ఆ పని చేసింది.

ఆయన మా అందరినీ చుట్టి వచ్చాడు. ముందు అది గంజాయి ఆకా అని అడిగాడు. పచ్చడి చేసుకునే ఆకు అని చెప్పాం. ఆయన నమ్మినట్టు కనిపించలేదు.

"అది మీ ఇష్టం. కింద ఆ పేరు పెట్టుకోమని మీకెవరు చెప్పారు?" అన్నాడు.

"ఎవరూ చెప్పలేదు, మేం ఉండేది ఇక్కడే కదా" అన్నాను.

ఆయన గొంతు పెంచలేదు. మూడు ముక్కల ప్యాచ్ పెట్టుకుంటే, కింది వంపులో చోటు పేరు పెట్టుకుంటే, ఈ ప్రాంతం మాది అని చాటినట్టట. ఈ రాష్ట్రంలో ఆ మాట తమ క్లబ్ ఒక్కటే అంటుందట, ఇంకెవరైనా అనాలంటే ముందు వచ్చి అడగాలట. నాలుగు నెలల కిందట పళ్ళ డాక్టర్ల గుంపు ఒకటి ఇదే పని చేస్తే వాళ్ళకీ ఇదే చెప్పాడట. "నేను కాబట్టి మాటలతో చెబుతున్నాను. అందరూ చెప్పరు. ఇవాళ్టికి వెస్టులు తిరగేసి వేసుకుని ఇంటికి వెళ్ళండి. ఆదివారం మధ్యాహ్నం మా క్లబ్‌హౌస్‌కి వస్తే కూర్చుని మాట్లాడుకుందాం" అని, అదెక్కడుందో చెప్పి వెళ్ళిపోయాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అంతకాలం ప్రభుత్వం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను, ఇప్పుడు కాఫీ తాగే ప్రతివాడి పర్మిషనూ కావాలా? వరంగల్ మిత్రుడు నాకు వంత పాడాడు. "వీళ్ళ జాగీరా అన్నా ఇది? రోడ్డు గవర్నమెంటుది గదా!" అంటూనే అందరికంటే ముందు వెస్ట్ తిరగేసుకున్నాడు. నేనూ తిరగేసుకున్నాను. లోపలికి వెళ్ళిన జరీ అక్షరాలు దారి పొడుగునా వీపు గీరుతూనే ఉన్నాయి.

ఇంటికొచ్చాక మా ఆవిడ టీ పెట్టి ఎదురుగా కూర్చుంది. రెండు వారాల్లో బొమ్మల రైడ్ ఉంది. ఆసుపత్రిలో ఉన్న పిల్లల కోసం చుట్టుపక్కల బండ్లవాళ్ళంతా బండ్లకి ఆటబొమ్మలు కట్టుకుని వరుసగా వెళ్తారు, ముందు నడిచేది ఆ క్లబ్బే. ఆ పేరు వీపు మీద లేకుండా నేను రానని తెగేసి చెప్పాను. అసలు బండే అమ్మేస్తానన్నాను.

"అమ్మేద్దురుగాని, ముందు టీ తాగండి" అంది. "మన పెళ్ళిలో మీ పెదనాన్నగారు ఎందుకు అలిగారో గుర్తుందా?"

ఎందుకు గుర్తులేదు! మావాళ్ళు శుభలేఖ పోస్టులో పంపి, ఫోన్ చేసి రమ్మన్నారు. ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవలేదని ఆయన పెళ్ళి పందిరి బయట కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తాళి కట్టే వేళకి మా నాన్న వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకురావలసి వచ్చింది.

"ఆయనకి పెళ్ళి వద్దని కాదు కదా, పెద్దరికం మిగల్లేదని బాధ. ఇదీ అంతే. మనం వాళ్ళ వీధిలో పందిరి వేసి వాళ్ళకి చెప్పలేదు. వెళ్ళి మర్యాదగా పిలిచొద్దాం" అంది. ఆ సాయంత్రమే సున్నుండలు చుట్టడం మొదలుపెట్టింది.

ఆదివారం ఐదుగురం వెళ్ళాం. వెస్టులు తొడుక్కోకుండా మడతపెట్టి చేతిమీద వేసుకున్నాం, ఇది మా ఆవిడ సలహా. క్లబ్‌హౌస్ టైర్ల షాపు వెనక పొట్టి ఇటుకల కట్టడం. లోపల పొడుగు బల్ల, గోడ మీద చనిపోయిన సభ్యుల ఫొటోలు. గడ్డం పెద్దాయనే వాళ్ళ ప్రెసిడెంట్ అని అప్పుడు తెలిసింది. మా ఆవిడ సున్నుండల డబ్బా బల్ల మీద పెట్టి, "మాకు మీ పద్ధతులు తెలియవు. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి చెప్పకుండా శుభకార్యం చేస్తే తప్పు. అందుకే చెప్పడానికి వచ్చాం" అంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. ప్రెసిడెంట్ సున్నుండ తీసుకుని కొరికాడు, పొడి గడ్డం నిండా రాలింది. ఇంకోటి తీసుకున్నాడు.

తరువాత కళ్ళజోడు పెట్టుకుని మా వెస్టులు చూశాడు. గుంపు పేరు ఉంచుకోవచ్చన్నాడు. ఆకూ ఉంచుకోవచ్చు, పోలీసులకి మాత్రం మీరే చెప్పుకోండన్నాడు. అంతా కలిపి ఒకటే గుండ్రటి ప్యాచ్‌గా ఉండాలి, కింద వంపు ఉండకూడదు. అలా అయితే బొమ్మల రైడ్‌లో మాకు చోటు ఉంటుందన్నాడు. మా వరంగల్ మిత్రుడి ముఖం వెలిగిపోయింది.

నేను ఊరుకోలేకపోయాను. ఆ రెండు మాటల కోసం ఎన్నేళ్ళు ఎదురుచూశానో, మా అమ్మాయి ఎంత నుంచి ఎంతైందో, అద్దం ముందు ఎలా నిలబడ్డానో అన్నీ చెప్పాను. ప్రెసిడెంట్ చివరిదాకా విన్నాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నీ బాధ అర్థమైంది. అయినా కుదరదు. మాకూ అది అడగ్గానే ఇచ్చినవాళ్ళు లేరు" అన్నాడు. లేచి, "వచ్చి అడిగారు, ఆ మర్యాద మరిచిపోను" అని చెయ్యి చాపాడు. నేనూ చెయ్యి కలిపాను, మనసు మాత్రం కలవలేదు.

బయటికొచ్చి బండి దగ్గర నిలబడ్డాను. మిగతావాళ్ళు గుండ్రటి ప్యాచ్ ఎంత సైజుండాలో మాట్లాడుకుంటున్నారు. రైడ్‌కి మీరు వెళ్ళండి, నేను రాను అన్నాను. ఆ పేరు లేనిది నాకు ఆ వెస్టే వద్దన్నాను. ఆ మాట పైకి అన్నాకగాని ఎంత దిగులుగా ఉందో నాకే తెలియలేదు.

మా ఆవిడ తన బండి మీద హెల్మెట్ పెట్టి నా దగ్గరికి వచ్చింది. "ఏమండీ, రోడ్డు మీద మీ వెనకాల వచ్చేది నేనే కదా. నాకేం కనిపిస్తుందో ఎప్పుడైనా అడిగారా?"

"నా వీపు."

"మీ వీపు చూస్తూ బండి నడిపితే ఎప్పుడో గుద్దేదాన్ని. మీ బ్రేక్ లైటు చూస్తాను. దాని కిందే నెంబర్ ప్లేటు. దాని మీద ఏం రాసుందో వంగి చూడండి. ఆయనే కాదు, ఇంకెవరొచ్చినా అది తియ్యమనలేరు. అది లేకపోతేనే పోలీసు పట్టుకుంటాడు."

బండి వెనక్కి వెళ్ళి గొంతుక్కూర్చున్నాను. ప్లేటు నిండా ఎర్రమట్టి. బొటనవేలితో తుడిచాను. చిన్న అక్షరాలే, నార్త్ కెరోలినా. ఎన్నేళ్ళుగా నాతో తిరుగుతోందో! నవ్వు తన్నుకొచ్చింది, దాంతోపాటు ఏడుపూ వచ్చింది. మిగతావాళ్ళు చూడకుండా జేబురుమాలు తీసి, నాలుగు మూలలూ మెరిసేదాకా ప్లేటు తుడుస్తూ కూర్చున్నాను.

"సరేగానీ, ఆ పిల్లలకి బొమ్మలు ఎక్కడ కొందాం?" అన్నాను, లేచి.