హానిఫిన్ దొంగిలించిన బేసులు

ట్రాయ్ పట్టణంలో బేస్‌బాల్ ఆడే టిమొతీ హానిఫిన్ పేరు చెబితే బేసుల దొంగ అనేవాళ్ళు. ఎవరూ బంతి కొట్టకుండానే, కాపలా ఉన్నవాళ్ళ కళ్ళుగప్పి ఒక బేస్ నుంచి తర్వాతి బేస్‌కి పరుగెత్తి చేరితే, ఆ బేస్ దొంగిలించినట్టు. బంతి విసిరే పిచర్ చెయ్యి ఎత్తాడో లేదో మొదటి బేస్ వదిలి పరుగందుకునేవాడు. ఆ బంతిని వెనక పట్టుకునే కాచర్ తిరిగి విసిరేలోపు రెండో బేస్ మీదికి పక్కకు ఒరిగి జారేవాడు. గులకరాళ్ళ మైదానాల్లో అలా జారీ జారీ కుడి తుంటి ఎప్పుడూ పచ్చిపుండుగానే ఉండేది. భార్య హనోరా పగలంతా లాండ్రీలో చొక్కా కాలర్లు ఇస్త్రీ చేసి వచ్చి, సాయంత్రం ఆ పుండుకి పందికొవ్వు రాసేది.

ఆరేళ్ళు అలా పరుగెత్తాడు. పేపర్లో మాత్రం ఎవరెన్ని కొట్టారు, ఎవరెన్ని జారవిడిచారు అన్నవే వేసేవాళ్ళు. దొంగిలించిన బేసుల ఊసే ఉండేది కాదు. చివరికి 1886లో అవి కూడా స్కోరులో రాయాలని రూలు వచ్చింది. అప్పటికి హానిఫిన్‌కి ముప్పై రెండు నిండాయి. ఎడమ మోకాలు వాన పడితే మొరాయించేది. అయినా హనోరా ముందు చంకలు గుద్దుకున్నాడు.

"ఇక చూడవే, నా పేరు పక్కన రోజూ అంకె పడుతుంది!"

జూలైలో ఒక ఆటలో, ఒకే ఇన్నింగ్స్‌లో రెండో బేస్, మూడో బేస్, ఆఖరికి చుట్టు తిరిగి పరుగు పూర్తిచేసే హోమ్ బేస్ కూడా దొంగిలించాడు. జనం టోపీలు గాల్లోకి ఎగరేశారు. మర్నాడు పేపర్లో అతని పేరు పక్కన ఒకటే పడింది. జట్టులోని శ్లోసర్‌కి రెండు పడ్డాయి. అతగాడు చేసిందల్లా, వేరేవాడు బంతి కొడితే నింపాదిగా ఇంకో బేస్ ముందుకు నడవడం. ఆ రోజుల్లో అదీ దొంగతనం కిందే రాసేవాళ్ళు.

హానిఫిన్ పేపరు పట్టుకుని, స్కోరు రాసే వాన్ అల్స్టైన్ దగ్గరికి పరుగున పోయాడు.

"ఏమండీ, నా మిగతా రెండూ ఏవండీ?"

ముసలాయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "మూడో బేస్‌కి వెళ్ళేటప్పుడు కాచర్ అడ్డదిడ్డంగా విసిరాడు. హోమ్ దగ్గర బంతి జారవిడిచాడు. అవి అతని తప్పులోయ్, నీ ఘనత కాదు."

"నేను మీదికొస్తున్నానని బెదిరిపోయి జారవిడిచాడండీ!"

"బెదిరింపుకి నా పుస్తకంలో గడి లేదు నాయనా."

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. తర్వాతి ఆటలో మేనేజర్ క్రాండల్ "కదలకు, అక్కడే ఉండు" అని గట్టిగా అరిచినా వినలేదు. పిచర్ చెయ్యి లేవగానే దూకాడు. సగం దారిలో మోకాలు పట్టేసింది. రెండో బేస్ ఇంకా నాలుగు అడుగులుండగానే దొరికిపోయి ఔటయ్యాడు. ఆ ఒక్క పరుగు తేడాతోనే జట్టు ఓడింది.

"ఎవరి కోసం పరిగెత్తావురా? జట్టు కోసమా, పేపరు కోసమా?" అన్నాడు క్రాండల్. ఆగస్టులో హానిఫిన్‌ని జట్టులోంచి తీసేశారు. శీతాకాలానికి పొయ్యిలు పోతపోసే ఫౌండ్రీలో చేరాడు. ఆ ఏడాది మొత్తానికి అతని పేరు మీద తేలిన దొంగిలించిన బేసులు పదకొండు.

పన్నెండేళ్ళ తర్వాత ఒక ఆదివారం మంగలి షాపులో ఎవరో పేపరు చదివి వినిపించారు. ఇకమీదట వేరేవాడు కొట్టిన బంతికి ముందుకెళ్తే దొంగతనం కింద రాయరట.

"ఇప్పటికైనా న్యాయం జరిగిందిగా హానిఫిన్," అన్నాడు మంగలి.

"ఎవడికి జరిగిందయ్యా?" అంటూ సగం గడ్డంతోనే లేచి, నురగ తుడుచుకుని ఇంటికి నడిచాడు. గడపలో హనోరా అతని వాలకం చూసి విస్తుపోయింది. సంగతి విని, "పోనీ ఆటలు నడిపే లీగువాళ్ళకి ఒక ఉత్తరం రాయకూడదూ? నీవి కూడా మళ్ళీ చూడమని," అంది.

"నన్ను తీసేసిన ఏడాదే రాశానే. రెండుసార్లు రాశాను," అన్నాడు హానిఫిన్. "జవాబే రాలేదు."