వదిన ఫోను ముట్టని మధ్యాహ్నం

మొన్న ముత్తంగిలో మా కోడలు ఫోన్లో ఏదో ఫైలు దింపుకుంటూ, రెండు క్షణాలు ఆలస్యమయ్యేసరికి "నెట్ సచ్చింది అత్తమ్మా" అని విసుక్కుంది. నవ్వొచ్చింది. ఫైలు కోసం ఎదురుచూడడమంటే ఏమిటో నాకు పటాన్‌చెరు నేర్పింది.

అప్పట్లో నేను అక్కడ ఒక చిన్న రసాయనాల ఫ్యాక్టరీ ఆఫీసులో టైపిస్టుని. మా అన్నది అందులోనే డ్రమ్ములు దించే పని. సెల్‌ఫోన్లు ఇంకా మా దాకా రాలేదు గానీ కంప్యూటరు వచ్చింది. దానికి ఏసీ గది, పూల గుడ్డ, దసరాకు కుంకుమ బొట్టు. చెప్పులు విడిచిగానీ ఆ గదిలో అడుగు పెట్టేవాళ్ళం కాదు. నాకు వచ్చిందల్లా ఉత్తరాలు కొట్టడం. ఇంటర్నెట్ మాత్రం మేనేజరు సారు సొత్తు. అది ఆఫీసు ఫోను లైను మీదే నడిచేది. అదే లైనుకు గేటు దగ్గర గదిలో ఇంకో ఫోను. అక్కడ ఎవరు రిసీవరు ఎత్తినా ఇక్కడ నెట్ తెగిపోయేది.

ఒక మధ్యాహ్నం డ్రమ్ము మూత ఊడి అన్న చేతుల మీద, ఛాతీ మీద రసాయనం పడింది. నీళ్ళు గుమ్మరించి, సారే జీపులో సంగారెడ్డి ఆసుపత్రికి తీసుకుపోయాడు. కాసేపటికి అక్కడినుంచి ఫోను చేశాడు. "డ్రమ్ము మీద నంబరే ఉన్నది, పేరు లేదు. అండ్ల ఏమున్నదో తెలిస్తెనే విరుగుడు ఇస్తనంటున్నడు డాక్టరు. తయారుచేసినోళ్ళ వెబ్‌సైటుల కాగితం ఉంటది. నువ్వే దింపు, జల్దీ" అని అడ్రసు, డ్రమ్ము నంబరు చెప్పి పెట్టేశాడు.

మోడెం కీచుమంటూ కలిసింది. నంబరు కొట్టి ఫైలు వెతికి పట్టుకున్నాను. ఓపెనా, సేవా అని అడిగింది. చదవాల్సిందే కదా అని ఓపెన్ నొక్కాను. ఎంత దిగిందో చూపే నీలి గీత సగం నిండి ఆగిపోయింది. కబురు విని వచ్చిన వదిన, ఆసుపత్రికి చేద్దామని గేటు గదిలో ఫోను ఎత్తింది. దిగిన సగమూ గాలికి పోయింది.

గేటు గదికి ఉరికాను. ఆమె మీద, దేవుడి మీద, ఆ కంప్యూటరు డబ్బా మీద ఒకేసారి కోపం వచ్చింది.

"వదినా, ఆ ఫోను ముట్టకు. నువ్వెత్తితే కాగితం రాదు. అది రాకుంటె అన్నకు మందు ఇయ్యరు."

"ఉన్నడో లేడో అడుగొద్దా?"

"అడుగొద్దు."

ఆమె రెండు చేతులూ కొంగులో చుట్టుకుని ఫోను ఎదురుగా కూర్చుంది.

వెనక్కొచ్చి మళ్ళీ నెట్ కలిపి, ఈసారి సేవ్ నొక్కాను. గీత చీమ నడకన కదిలింది. లైను ఖాళీ లేదు కాబట్టి ఆసుపత్రివాళ్ళు ఏదైనా చెబుదామన్నా చెప్పలేరు. చివరికి గీత నిండి, మాయమైంది. ఫైలు ఎక్కడికి పోయిందో అంతు చిక్కలేదు. దింపుకోవడం ఒక విద్య, దాచిన చోటు చూసుకోవడం ఇంకో విద్య అని నాకెవరు చెప్పారు గనక? ఒక్కో ఫోల్డరూ తెరుస్తూ, సారు ఉత్తరాల మధ్య పట్టుకున్నాను. ప్రింటు తీసి, నెట్ ఆపి, గేటు గదికి పరుగెత్తాను.

"ఇగ చెయ్ వదినా."

"నువ్వే చెయ్. నాకు భయమైతుంది."

నేనే కలిపి, డాక్టరుకు ఆ పేరు ఒక్కో అక్షరం చదివాను. విరుగుడు తన దగ్గర ఉందన్నాడు. రిసీవరు వదిన చెవికి ఆనించాను. "ఉన్నడా?" అంది. "ఉన్నడమ్మా, నిన్నే అడుగుతున్నడు" అని డాక్టరు చెప్పడం నాకూ వినిపించింది. ఆమె నేల మీద కూలబడి ఏడ్చింది.

అన్న ఇంటికొచ్చాడు. కుడిచేతి వేళ్ళు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు, అయినా వదినకు కూరగాయలు తరిగిపెడతాడు. ఆ గీత నిండేసరికి నాకు గడిచింది ఒక మధ్యాహ్నమే. ఫోను ముట్టకుండా కూర్చున్న వదిన మాత్రం అంతలోనే ఒక జన్మంత వైధవ్యం గడిపి లేచింది.