గంట మోగగానే రేడియో ఆపేశాం

మా చిన్నప్పుడు పెనుకొండ పక్కన మా పల్లెలో రేడియో అంటే ఒక్కటే... బట్టలు కుట్టే ఖాదర్ మామ ఇంట్లోది. ఊరికి ఇంకా కరెంటు రాలేదు. ఇటుకంత బ్యాటరీతో నడిచేది. అదయిపోతే హిందూపురం పోయి తెచ్చుకోవాలి. అందుకని వార్తలు ముగియగానే మామ టక్కున ఆపేసేవాడు. మేమెంత బతిమాలినా వినేవాడు కాదు.

అలాంటి మామ ఒక సాయంత్రం రేడియోను అరుగు మీదికి తెచ్చి, దుప్పటి పరిచి, ఊరందరినీ పిలిచాడు. ఆ రోజు ఢిల్లీలో మా చిన్నాయన పరుగెత్తుతున్నాడు మరి... చాలా దేశాల వాళ్ళు వచ్చిన పోటీలు. పదిహేను వందల మీటర్ల పరుగు.

చిన్నాయన పేరు హనుమంతు. మిలిటరీలో చేరి అక్కడే పరుగులో పేరు తెచ్చుకున్నాడు. మా నాయనకు అది సుతరామూ నచ్చలేదు. ఉన్నది ఇద్దరన్నదమ్ములు... ఒకడు శెనక్కాయ చేను వదిలేసి పోతే రెండోవాడికి కోపం రాదా? మూడేళ్ళు తమ్ముడికి ఒక్క ఉత్తరం రాయలేదు. చిన్నాయన సెలవులో వస్తే నాయన చేని దగ్గరే పడుకునేవాడు. ఇద్దరికీ చెప్పలేక మా అవ్వ నలిగిపోయేది.

ఆ సాయంత్రం మాత్రం నాయన వచ్చాడు. అరుగు మీద కూర్చోలేదు... ఏదో పని మీద అటు వచ్చినవాడిలా గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

రేడియోలో చెప్పేదంతా ఇంగ్లీషు. ఊర్లో ఇంగ్లీషు వచ్చింది నాకొక్కదానికే... అంటే, పెనుకొండ హైస్కూల్లో ఆరో తరగతి చదువుతున్నాను కాబట్టి వచ్చని అందరూ అనుకునేవాళ్ళు. నేనూ కాదనలేదు. పదకొండేళ్ళ పిల్లకు అంత గౌరవం దొరికితే ఎవరు వదులుకుంటారు చెప్పండి...

రేడియోలో పందెం చెప్పే ఆయన గడగడా చెప్పుకుపోతున్నాడు. చిన్నాయన పేరు, 'ఫస్ట్' అన్న మాట తప్ప నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అంతలో గణగణమని గంట మోగింది. వెంటనే రేడియోలో జనం హోరు మొదలైంది. మా బడి పందేల్లో మొదటివాడు తాడు తాకగానే ప్యూను గంట కొట్టేవాడు. నాకింకేం కావాలి... చిన్నాయన గెలిచాడని చెప్పేశాను.

మామ వెంటనే రేడియో ఆపేశాడు. ఎంత ఆనందంలో ఉన్నా బ్యాటరీ బ్యాటరీనే. అవ్వ ఇంట్లోకి పోయి బెల్లం గడ్డ తెచ్చి వీధంతా పంచింది. నాయన పైపంచెతో ముఖం తుడుచుకుని వెళ్ళిపోయాడు. మరుసటి రోజు నుంచి మాత్రం కనబడిన వాళ్ళందరికీ 'మా తమ్ముడు, మా తమ్ముడు' అని చెప్పడమే. ఆ మాట ఆయన నోట మూడేళ్ళకు విన్నాం.

రెండు రోజుల తర్వాత బడిలో మా ఇంగ్లీషు అయ్యవారు నన్ను పిలిచి పేపరు చూపించారు. మీ చిన్నాయన నాలుగోవాడిగా వచ్చాడమ్మా, అన్ని దేశాల వాళ్ళలో నాలుగంటే మాటలా అని మెచ్చుకున్నారు. మరి గంట కొట్టారు కదా సార్ అని అడిగాను. అది చివరి చుట్టు మొదలైందని కొట్టే గంట అట. అప్పటికి చిన్నాయనే ముందున్నాడట... ఆ తర్వాత ముగ్గురు దాటేశారట.

ఇంటికి పోగానే చెప్పేయాలనుకున్నాను. పోయి చూస్తే నాయన చేతిలో టెలిగ్రాం... చిన్నాయన శుక్రవారం బండికి వస్తున్నాడని. గెలిచిన సంగతి అందులో లేదేమని ఎవరో అడిగితే, మా వాడు గొప్పలు చెప్పుకునే రకం కాదని నాయన నవ్వాడు. పక్కన అవ్వ కూడా నవ్వుతోంది. ఇక రేపు చెబుదాంలే అనుకున్నాను.

శుక్రవారం నాయన హిందూపురం నుంచి చామంతి దండ తెప్పించాడు. ఎద్దులబండిలో నాయన, ఖాదర్ మామ, నేను పెనుకొండ స్టేషన్‌కు పోయాం. దారిలో రెండుసార్లు నాయన పంచె లాగాను. ఏమ్మా అని ఆయన వెనక్కి తిరిగితే ఏం లేదన్నాను. ఆ పిరికితనం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ధర్మవరం వైపు నుంచి బండి వచ్చి ఆగింది. ట్రంకు పెట్టెతో దిగిన చిన్నాయన, దండతో నిలబడ్డ అన్నను చూసి అక్కడే ఆగిపోయాడు. సంగతి అర్థమై చెయ్యి అడ్డం పెట్టాడు.

"వేయొద్దున్నా... నేను గెలవల్యా. నాలుగోవాన్ని."

నాకు ఏడుపు ఆగలేదు. గంట సంగతి, పేపరు సంగతి అంతా అక్కడే చెప్పేశాను. బండి కూత వేసి కదిలిపోయింది. నాయన చేతిలోని దండ వైపు చూశాడు. మళ్ళీ చేనికాడికి పోయి పడుకుంటాడేమోనని నా భయం.

"నేను నిన్ను చూసేకి వచ్చినా" అన్నాడు నాయన. "పందెం చూసేకి గాదు. తల వంచు."

చిన్నాయన తల వంచాడు. అంత పొడుగు మనిషి అలా వంగి చాలాసేపు లేవలేదు. నాయన దండ వేసి, ట్రంకు పెట్టె తన భుజాన పెట్టుకుని ముందు నడిచాడు.

వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు. మొన్న మా మనవరాలు ఫోనులో ఏదో పరుగు పందెం చూపించింది. ఎవరు ముందున్నారో, ఎన్ని సెకన్ల తేడానో, అన్నీ అప్పటికప్పుడే కనబడుతున్నాయి. భలే ఉంది... కానీ ఆ రోజు మాకు అంతా సరిగ్గా తెలిసి ఉంటే, మా నాయన ఆ స్టేషన్‌కు వచ్చేవాడే కాదు.

మీ ఇళ్ళల్లో కూడా ఇలా మనుషుల్ని కలిపిన పొరపాట్లు ఉంటే కింద రాయండి... ఇప్పుడు అలాంటివి జరగడానికి చోటే లేకుండా పోయింది.