మ్యాపులో నా చుక్క

విజయవాడ బెంజ్ సర్కిల్ వెనక సందులో షహజాది అక్క ఫోన్లు బాగుచేస్తుంది. ఆ పక్క అపార్ట్‌మెంట్లలో నేను చేపలమ్ముతాను. ఈ రోజు నేను ప్రాణాలతో తిరుగుతున్నానంటే అది ఆవిడ చలవే.

మా ఆయన నాగబాబు ఐసు లారీ డ్రైవరు. తాగితే చెయ్యి చేసుకుంటాడు. కిందటేడు విసిగిపోయి ఉయ్యూరులో మా పెద్దమ్మ బుల్లెమ్మ ఇంటికి పారిపోయాను. సాయంత్రానికల్లా గుమ్మంలో ఉన్నాడు. ఇబ్రహీంపట్నంలో గది తీసుకుంటే అక్కడికీ వచ్చి చెయ్యి విరిచాడు. చుట్టుపక్కలవాళ్లు అడ్డుపడకపోతే చచ్చేదాన్నే. వీడి దుంపతెగ, ఎలా పసిగడుతున్నాడు? ఎవరో హ్యాకర్ని పెట్టాడనుకుని సిమ్ మార్చాను. వీపీఎన్ అని ఏదో ఉందంటే, అదీ వేయించుకున్నాను.

కట్టు చేత్తోనే అక్క కొట్టుకెళ్లాను. "ఈ ఫోనుకి ఇంకా గట్టి తాళం ఏదన్నా వెయ్యక్కా" అన్నాను.

ఆవిడ ఫోను ముట్టుకోలేదు. "ఎవరికి భయపడుతున్నావో ముందు చెప్పు."

"ఇంకెవరికి, మా ఆయనకే."

"ఆయనకి కంప్యూటర్లు వచ్చా?"

"లారీ గేర్లు వచ్చు."

"మరి వీపీఎన్ ఎందుకే? అది బయట దారికాసే దొంగల్ని ఆపడానికి. మీ ఆయన ఇంట్లోవాడు. ఫోను కొన్నరోజు ఇందులో ఎవరి మెయిల్ పెట్టారు?"

షాపువాడు అడిగితే ఆయన తన మెయిలే ఇచ్చాడు. మా ఇళ్లల్లో అంతే, ఇంటిల్లిపాదికీ ఒకటే మెయిల్, అది మగాడిదే. రెండు ఫోన్లలో అదే మెయిల్ కాబట్టి, నేనెక్కడికెళ్లినా ఆయన ఫోన్లో, మ్యాపు మీద, నా చుక్క కనిపిస్తూనే ఉంది.

"తీసి పారెయ్యక్కా."

"ఇప్పుడే తీస్తే ఆయనకి అనుమానం వచ్చేస్తది. ముందు నువ్వెక్కడుంటావో చూడాలి."

కొట్లో ఉన్న వేరే ఫోనొకటి తీసి, నా పేరు మీదే కొత్త మెయిల్ పెట్టి ఇచ్చింది. తన చెల్లెలు ఫరహత్ ఇంట్లో నాకు చోటు చూపించింది. తర్వాత మహిళా పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లి కేసు పెట్టించింది. ఎస్సై గారిని అడిగి, నా పాత ఫోను ఆపకుండా స్టేషన్లో ఆమె బల్ల మీదే వదిలేసి వచ్చాం.

చీకటి పడకముందే వాడొచ్చాడట. ఒళ్లు తెలియని మత్తులో, ఫోన్లోంచి తలెత్తకుండా, చుక్క వెంటే లోపలిదాకా నడిచాడట. "ఏదీ నా పెళ్లాం" అని అరిచాడట.

"కూర్చో నాగబాబూ, నీ కోసమే చూస్తున్నాం" అన్నారట ఎస్సై గారు.

కేసు నడుస్తోంది. నేను మళ్లీ చేపలమ్ముతున్నాను. అక్క రుణం ఈ జన్మలో తీర్చుకోలేను. ఇప్పుడు నా చుక్క ఆవిడ ఫోన్లో ఒక్కదాంట్లోనే కనిపిస్తుంది. నేను ఇంటికి చేరేదాకా చూసుకోమని నేనే పెట్టించాను.