పెట్టె మూతలో గూడబాతు

మొన్న మనవడికి కొత్త లుంగీ కొన్నాం. మడత విప్పగానే గంజి వాసన, దాని వెనకే పచ్చి రంగు వాసన గుప్పుమన్నాయి. మూలన అంటించిన కాగితపు బొమ్మను వాడు బర్రున పీకబోతుంటే, "ఆగరా, చింపకు!" అని అరిచేశాను. వాడు బిత్తరపోయాడు. వేలు తడిచేసుకుని, అంచులు నానబెట్టి, బొమ్మను చిరక్కుండా ఊడదీశాకగానీ నా ప్రాణం కుదుటపడలేదు. ఈ చాదస్తం నాకు అంటించిన మనిషి రూతమ్మగారు.

నెల్లూరు దగ్గర కోట అనే ఊళ్ళో ఆవిడది లుంగీల వ్యాపారం. భర్త పోయాక మగ్గాలన్నీ ఆవిడే నడిపించారు. నేను నెల్లూరులో టైపు నేర్చుకుని, అరవయ్యో దశకం మొదట్లో ఆవిడ దగ్గర పనిలో చేరాను. అబ్బో, ఏం గొంతని! ఆదివారం చర్చిలో ఆవిడ పాట ఎత్తుకుంటే హార్మోనియం వినపడేది కాదు. మా లుంగీలన్నిటి మీదా గూడబాతు మార్కు బొమ్మ అంటించేవాళ్ళం. నోటి సంచిలో చేప దాచుకున్న ఆ గూడబాతును గీసింది ఆవిడ భర్తే. మద్రాసులో దాన్ని రిజిస్టరు చేయించి, ఆ పత్రాన్ని బైబిలు వాక్యం పటం పక్కనే గోడకు తగిలించారు. "నా పిట్ట జోలికి ఎవడొస్తాడో రమ్మను, చూస్తా!" అనేవారు.

ఒకడు రానే వచ్చాడు. కొలంబోలో మా సరుకు అమ్మే షావుకారు దగ్గర్నుంచి కబురు. అక్కడి వ్యాపారి ఒకడు అచ్చం మా గూడబాతునే తన పేరిట రిజిస్టరు చేయమని దరఖాస్తు పెట్టాడట. అది ఖాయమైతే సిలోనులో మా లుంగీలే దొంగసరుకు అయిపోతాయి. మా మగ్గాల మీద దిగే బట్టలో ముప్పాతిక వంతు కొలంబోకే పోయేది. ఆ దారి మూసుకుపోతే మా నేతగాళ్ళ ఇళ్ళలో పొయ్యి వెలగదు. రూతమ్మగారూ నేనూ ఆ సాయంత్రమే మద్రాసు బయల్దేరాం.

"మద్రాసు రిజిస్ట్రేషన్ మన దేశంలోనే చెల్లుతుందమ్మా. ఏ దేశానికి ఆ దేశంలో విడిగా చేయించుకోవాలి" అన్నారు ప్లీడరుగారు.

"సిలోను వేరే దేశమేంది సార్? మా మామ మద్రాసుకి పొయ్యినదానికన్నా కొలంబోకి పొయ్యిందే ఎక్కువ!" అన్నారు రూతమ్మగారు.

నాకు నవ్వు ఆగలేదు. కానీ మా పొరపాటంతా అక్కడే ఉంది. సిలోను మాకు పక్కవీధి లెక్క. అక్కడ మళ్ళీ మన పేరు చెప్పుకోవాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. గడువులోగా అభ్యంతరం వేయవచ్చనీ, అయితే అక్కడి జనం ముందునుంచీ ఈ బొమ్మను మా సరుకు మీదే చూశారని రుజువు కావాలనీ ప్లీడరుగారు చెప్పారు. షావుకారు రసీదుల్లో లుంగీలనే ఉందిగానీ బొమ్మ ఊసే లేదు. బట్ట చూస్తే పాతబడి మసిగుడ్డ అయిపోతుంది. ఇంక రుజువు ఎక్కణ్ణుంచి తేవాలి?

కోటకు తిరిగొచ్చాక రూతమ్మగారు అన్నం ముందు దిగాలుగా కూర్చున్నారు. ఉన్నట్టుండి కంచం వదిలేసి లేచారు. "అమ్మే, ఇట్రా!" అని కేకేసి తన ట్రంకుపెట్టె తెరిచారు. మూత లోపలంతా బొమ్మలే! నట్టనడుమ భర్త చేత్తో రంగులు వేసిన మొట్టమొదటి గూడబాతు. "పెట్టె ఉండే ఏ ఆడదైనా బొమ్మ పారేస్తాదా? ఆడ కొలంబోలో మాత్రం పారేస్తారా? పద పోదాం!" అన్నారు.

రూతమ్మగారు ఆ ట్రంకుపెట్టెలోనే బట్టలు సర్దుకున్నారు. ధనుష్కోటిలో పడవ ఎక్కాం. నేను సముద్రం దాటడం అదే మొదలు. భయమూ సంబరమూ కలిసి పడవ అంచు పట్టుకుని వదల్లేదు. కొలంబోలో దిగగానే, పెట్టెతోనే, షావుకారును వెంటబెట్టుకుని బెస్తవాళ్ళ ఇళ్ళు తిరిగాం. ఒక పెద్దావిడ పెట్టె తెరిచేసరికి నేను ఎగిరి గంతేశాను. మూత నిండా మా గూడబాతులు! ఒక్కోదాని మీద షావుకారు అంగడి ముద్ర, సంవత్సరంతో సహా! ఆ మూత ఇమ్మని అడిగితే ఆవిడ ఏదో అరవంలో విసుక్కుంది. మూత పీక్కుపోతే నా బట్టలు ఎలుకలకు పెట్టుకోనా అంటోందని షావుకారు చెప్పాడు.

రూతమ్మగారు తన బట్టలు తీసి మూటగట్టి, ఆ ఖాళీ పెట్టెను ఆవిడ ముందుకు జరిపారు. "ఇది ఉంచుకో అక్కా."

"అమ్మా, మీ ఇంటాయన గీసిన బొమ్మ దాంట్లోనే ఉంది" అన్నాను గొంతు తగ్గించి.

"నాకు తెల్దా? గమ్మునుండు."

కొలంబో రిజిస్ట్రేషన్ ఆఫీసులో విచారణ రోజున ఆ పెద్దావిడ మూతను చంకన పెట్టుకుని వచ్చింది. అవతలి ప్లీడరు ఆవిడను నిలదీశాడు. షావుకారు నాకు మాట మాటా చెప్తున్నాడు.

"ఈ రూతమ్మ ఎవరో నీకు ముందు తెలుసా?"

"తెలియదు."

"మరి బొమ్మ ఎవరిదో ఎలా చెప్తావు?"

"ఎవరిదైతే నాకేం? ఈ పిట్ట ఉన్న బట్ట కట్టుకుని మా ఆయన ఉప్పునీళ్ళలో వల లాగినా చిరగదు. ఈ వ్యాపారి ఇదే పిట్ట అంటించి ఇంకో బట్ట అమ్మితే, మోసపోయేది నేను కదా!"

అధికారి కలం పక్కన పెట్టి, మూతను తన దగ్గరికి తెప్పించుకున్నారు.

మేం గెలిచామని తంతి అందిన రోజు రూతమ్మగారు మగ్గాల మధ్య నిలబడి "స్తోత్రం!" అని కేక పెడితే, మగ్గాలన్నీ ఆగిపోయాయి. ఆ వెంటనే నా వైపు తిరిగి, "సింగపూరు సంగతేంది? ఈసారి ముందే పోదాం" అన్నారు. ఏ దేశంలో రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడు ముగుస్తుందో కనిపెట్టి, మళ్ళీ రుసుము కట్టించే పని నాకే అప్పజెప్పారు. పెళ్ళయినా ఆ పని వదల్లేదు నేను.

ఆ పెట్టె ఇచ్చేసినందుకు బాధ లేదా అని ఒకసారి అడిగాను. "ఎందుకుండదు మే? రోజూ మూత తీసినప్పుడల్లా ఆయన కనపడేవాడు. ఇప్పుడు ఆడ ఎవురో ఒకామె చూస్తాంది. పోనీలే, నేను లేకపోయినా చూసేదానికి ఒక మనిషుండాది" అన్నారు.

రూతమ్మగారు లేరు. ఆ మగ్గాలూ లేవు. నా బీరువా తలుపు లోపల మాత్రం గూడబాతు ఉంది. మొన్న ఊడదీసిన బొమ్మను దాని పక్కనే అంటిస్తుంటే, ఎవరి మార్కో మనకెందుకని నవ్వాడు మనవడు.

"ముందు నువ్వు కట్టి చూడరా. చిరగలేదంటే, రేపు ఆ మార్కువాళ్ళ కోసం పోయి సాక్ష్యం చెప్పాల్సింది మనమే" అన్నాను.